క్రూజ్‌లో రాత్రి భోజనం: మెయిన్ డైనింగ్ రూమ్‌లో ఎన్ని పూటలు, డబ్బు కట్టే రెస్టారెంట్లలో ఎన్ని?

వారం రోజుల క్రూజ్ బుక్ చేసుకున్న ప్రతి ఇంటి నుంచీ ఈ ప్రశ్న వస్తూనే ఉంది: "డైనింగ్ ప్యాకేజీ (డబ్బు కట్టే రెస్టారెంట్ల భోజనాలు కొన్ని కలిపి ముందే కొనుక్కునేది) తీసుకోమంటారా? టికెట్టులో వచ్చే భోజనం సరిపోతుందా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో అత్తమామల్నో గాల్వెస్టన్ నుంచి, మయామీ నుంచి ఓడ ఎక్కిస్తున్నవాళ్లు. సింగపూర్ నుంచి పిల్లలతో వెళ్లేవాళ్లూ అడుగుతున్నారు.

ఎక్కడ వంట బాగుంటుందన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. మీ టేబుల్ దగ్గర ఎవరెవరు కూర్చుంటారు, వాళ్లు ఏం ముట్టరు, ఏ వారం ముట్టరు అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. నా మాట ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్లు, పిల్లలు, శాకాహారులు కలిసి వెళ్లే కుటుంబమైతే ఏడు రాత్రుల్లో ఐదారు మెయిన్ డైనింగ్ రూమ్‌లోనే తినండి. మిగిలిన ఒకటి రెండు పూటలు, నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు మాత్రమే డబ్బు కట్టే చోటికి వెళ్లండి. మీ ఇంటి లెక్క వేరేలా వస్తే దాన్నే నమ్మండి. ఆ లెక్క వేసే క్రమం కింద రాస్తున్నాను.

ఉదాహరణలు ఎక్కువగా రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి పెద్ద ఓడల నుంచి ఇస్తున్నాను. మిగతా కంపెనీల్లో తేడా ఉన్నచోట చెబుతాను.

1. టికెట్టులో ఏముందో, దేనికి విడిగా డబ్బో ముందు తేల్చుకోండి

మెయిన్ డైనింగ్ రూమ్ అంటే టికెట్టు ధరలోనే కలిసివచ్చే పెద్ద భోజనశాల. ఒయాసిస్ తరగతి ఓడల్లో ఇది 3, 4, 5 డెక్కుల్లో మూడంతస్తులుగా ఉంటుంది. బఫేలోలా పళ్లెం పట్టుకుని తిరగక్కర్లేదు. కూర్చుంటే వెయిటర్ మెనూ ఇచ్చి స్టార్టర్, మెయిన్, డిజర్ట్ వరసగా తెచ్చిపెడతారు. మెనూ రోజూ మారుతుంది. రెండు స్టార్టర్లు కావాలన్నా తెస్తారు.

కూర్చునే వేళ రెండు రకాలు. స్థిర సమయం తీసుకుంటే సాధారణంగా సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య మొదటి బంతి, ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య రెండో బంతి. రోజూ అదే టేబుల్, అదే వెయిటర్. రెండోది మనకు వీలైన వేళకు వెళ్లే పద్ధతి. దీన్ని రాయల్ కరీబియన్‌లో మై టైమ్ డైనింగ్ అంటారు, కార్నివాల్‌లో యువర్ టైమ్ డైనింగ్ అంటారు.

డబ్బు కట్టే వాటిని స్పెషాల్టీ రెస్టారెంట్లు అంటారు. స్టేకులకు (కాల్చిన మందపాటి మాంసం ముక్కలకు) చాప్స్ గ్రిల్, ఇటాలియన్‌కు జియోవానీస్, జపనీస్‌కు ఇజుమీ ఇలాంటివే. హాలు చిన్నది, టేబుళ్లు తక్కువ, సందడి తక్కువ. చాలా చోట్ల మనిషికి ఇంత అని కవర్ ఛార్జి ఉంటుంది. సుషీ లాంటివాటికి పళ్లేనికి ఇంత అని ధర ఉంటుంది.

అన్ని ఓడలూ ఇలాగే ఉండవు. బుకింగ్ ముందు ఇవి చూసుకోండి:

- డిస్నీలో రోజుకో రెస్టారెంటుకు మారుస్తారు, మీ వెయిటర్లూ మీతోపాటే మారతారు. అక్కడ డబ్బు కట్టే "పాలో" అనే రెస్టారెంటు చాలా ఓడల్లో 18 ఏళ్లు నిండినవాళ్లకే. పిల్లల్ని తీసుకెళ్లలేరు.
- నార్వీజియన్‌లో స్థిర సమయం పద్ధతి లేదు. స్పెషాల్టీ భోజనాలు కొన్ని కలిపి అమ్మే ఆఫర్లు ఇస్తుంటారు. మీ బుకింగ్‌లో ఎన్ని వచ్చాయో చూడండి.
- సెలెబ్రిటీ వారి ఎడ్జ్ తరగతిలో టికెట్టులోనే నాలుగు మెయిన్ రెస్టారెంట్లు ఉంటాయి.
- ఓషియానియాలోనూ వైకింగ్ సముద్ర ఓడల్లోనూ స్పెషాల్టీకి కవర్ ఛార్జి లేదు. రిజర్వేషన్ మాత్రం కావాలి.
- వర్జిన్ వాయేజెస్‌లో మెయిన్ డైనింగ్ రూమే లేదు. రెస్టారెంట్లన్నీ టికెట్టులోనే. ఓడ 18 పైబడినవాళ్లకే.
- మన దేశంలో తిరిగే కార్డీలియా ఎంప్రెస్‌లో స్టార్‌లైట్, ఫుడ్ కోర్టు టికెట్టులో వస్తాయి. చాప్‌స్టిక్స్‌లో విడిగా కట్టాలి.

మీ గది తరగతి కూడా చూసుకోండి. రాయల్ కరీబియన్ పెద్ద ఓడల్లో సూట్ తీసుకున్నవాళ్లకు కోస్టల్ కిచెన్, సెలెబ్రిటీలో ఆక్వాక్లాస్ వాళ్లకు బ్లూ అని విడి రెస్టారెంట్లు ఉంటాయి. వాటికి ప్రవేశం ఉండగా ఇంకో ప్యాకేజీ కొన్నవాళ్లను చూశాను.

2. టేబుల్ జాబితా రాయండి

ఒక కాగితం తీసుకుని వచ్చేవాళ్లందరి పేర్లూ రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా ఈ ఐదూ నింపండి:

- అసలు ముట్టనివి: మాంసం, బీఫ్, పోర్క్, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి. అలర్జీలుంటే విడిగా.
- ఏ వారం ముట్టరు: సోమవారం, గురువారం, శనివారం, ఏకాదశి.
- రాత్రి ఎన్నింటికి తింటారు, షుగరు మాత్రలు ఎప్పుడు.
- ఒకేచోట ఎంతసేపు కూర్చోగలరు.
- కారం లేని వంట ఎన్ని రోజులు తట్టుకోగలరు.

మూడో అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి ఏడింటికల్లా తినే మామయ్యగారిని ఎనిమిదిన్నర బంతికి కూర్చోబెడితే మొదటి రోజే నీరసపడతారు. అలాంటివాళ్లు ఉంటే మొదటి బంతి అడగండి.

నాలుగోది పిల్లలున్న ఇళ్లకు ముఖ్యం. మెయిన్ డైనింగ్ రూమ్‌లో భోజనం గంటంబావు నుంచి గంటన్నరలో అవుతుంది. పిల్లల పళ్లేలు ముందు తెమ్మంటే తెస్తారు. స్పెషాల్టీలో రెండు గంటలు మామూలు. నాలుగేళ్ల పిల్లకు అది శిక్ష, పక్క టేబుల్‌వాళ్లకూ ఇబ్బంది.

జాబితా పూర్తయ్యాక చూడండి. టేబుల్‌లో సగంమంది శాకాహారులైతే స్టేక్ హౌస్ కొట్టేయండి. గుడ్డు కూడా తిననివాళ్లు ఒక్కరున్నా ఐదో అడుగులోని రాత్రుల పట్టిక వాళ్లతో మొదలుపెట్టండి.

3. అసలు ఖర్చు ఎంతో కట్టి చూడండి

కవర్ ఛార్జి 60 డాలర్లు అనుకుందాం. రాయల్ కరీబియన్‌లో దాని మీద 18 శాతం టిప్పు కలుస్తుంది, నార్వీజియన్‌లో 20 శాతం. 18 శాతం లెక్కన మనిషికి 70.80 డాలర్లు. నలుగురికి 283.20. ఆరుగురైతే 424.80.

అదే రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో మీ భోజనానికి డబ్బు ముందే కట్టేశారు. అక్కడ తినకపోతే ఒక్క డాలరూ వెనక్కి రాదు. సిబ్బంది కోసం మనిషికి రోజుకింత అని ఓడవాళ్లు వేసే టిప్పు కూడా తగ్గదు. కాబట్టి అడగాల్సింది "ఈ భోజనం 70 డాలర్లు చేస్తుందా" అని కాదు, "ఉచితంగా వచ్చేదానికన్నా 70 డాలర్ల మేర బాగుంటుందా" అని. స్టేక్ ఇష్టపడే మనిషికి అవునని రావచ్చు. పాస్తా, సలాడ్ తినే మనిషికి చాలాసార్లు కాదనే వస్తుంది.

ప్యాకేజీకి ఇంకో లెక్క. ఏడు రాత్రుల అన్‌లిమిటెడ్ ప్యాకేజీ 300 డాలర్లు అనుకోండి. ఏడు పూటలూ వెళ్తే పూటకు 43 పడుతుంది. నాలుగే వెళ్తే పూటకు 75, అంటే విడిగా కట్టినదానికన్నా ఎక్కువ. ప్యాకేజీ మొత్తాన్ని ఓడలోని రాత్రులతో భాగించకండి. మీరు నిజంగా వెళ్లే పూటలతో భాగించండి. సముద్రం మీదే గడిచే రోజుల్లో స్పెషాల్టీలో మధ్యాహ్న భోజనం కూడా ప్యాకేజీలో కలిస్తే దాన్నీ లెక్కలో వేయండి.

విడి ఖర్చులు రెండుచోట్లా దాగి ఉంటాయి. మెయిన్ డైనింగ్ రూమ్‌లోనే కొన్ని వంటకాల పక్కన ధర కనిపిస్తుంది, అవి స్టేక్ హౌస్ నుంచి తెచ్చే మాంసాలు. రాయల్ కరీబియన్‌లో లోబ్‌స్టర్ ఒకటి టికెట్టులో వస్తుంది, రెండోదానికి కట్టాలి. కార్నివాల్‌లో రెండు మెయిన్‌ల దాకా ఉచితం, మూడోదానికి చిన్న ఛార్జి పడుతుంది. కూల్ డ్రింకులు, ఎస్ప్రెస్సో కాఫీ చాలా ఓడల్లో విడి. కవర్ ఛార్జి కట్టిన రెస్టారెంటులోనూ ఖరీదైన స్టేకులకు పైన ఇంకా అడుగుతారు.

4. మెనూ చదవండి: శాకాహారులు ముఖ్యంగా

ఈ అడుగు దాటేసి ఓడెక్కి బాధపడినవాళ్లే ఎక్కువ, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

పడమటి దేశాల్లో "వెజిటేరియన్" అంటే గుడ్డు, పాలు ఉండొచ్చు. మెనూ మీద ఆకు గుర్తు చూసి అత్తయ్యగారికి తాజా పాస్తా చెప్తే అందులో గుడ్డు ఉండే అవకాశం ఎక్కువ. కేకులు, కస్టర్డ్‌లు, మూస్‌లు, ఐస్‌క్రీమ్‌లలో చాలావాటికి గుడ్డే ఆధారం. "వీగన్" అంటే గుడ్డూ రాదు, పాలూ రావు. పెరుగు, పనీర్ కావాల్సిన మనవాళ్లకు అది కూడా సరిపోదు. అందుకని ఓడమీద పనికొచ్చే మాట "ఇండియన్ వెజిటేరియన్, నో ఎగ్". ఉల్లి వెల్లుల్లి లేకుండా కావాలంటే "జైన్" అనండి. మీరు జైనులు కాకపోయినా వంటవాళ్లకు వెంటనే అర్థమయ్యే మాట అదే. జైన వంటలో బంగాళాదుంప, క్యారెట్ లాంటి దుంపలూ ఉండవు. అవి తినేవాళ్లైతే ఆ సంగతి కూడా చెప్పండి.

పేరు చూస్తే కూరగాయల వంటలాగే ఉండి, లోపల మాంసం రసం దాచుకునేవి ఇవి:

- ఫ్రెంచ్ ఆనియన్ సూప్: సాధారణంగా బీఫ్ స్టాక్‌తో చేస్తారు.
- రిసొట్టో: అన్నంలా కనిపిస్తుంది, చికెన్ స్టాక్ పోసి ఉండొచ్చు.
- సీజర్ సలాడ్: డ్రెస్సింగ్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది.
- మిసో సూప్: దాషీ అనే రసం మామూలుగా ఎండు చేపతో కాస్తారు.
- థాయ్, వియత్నాం కూరలు: ఫిష్ సాస్, రొయ్యల ముద్ద.
- పన్నాకోటా, కొన్ని మూస్‌లు, జెల్లీలు: జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది.
- పార్మెజాన్ చీజ్: దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో తయారవుతుంది. దీన్ని పట్టించుకునే ఇళ్లు కొన్నే, పట్టించుకునేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

ఇప్పుడు ఒక్కో స్పెషాల్టీని మీ జాబితాతో పోల్చండి.

స్టేక్ హౌస్‌లో శాకాహారికి దొరికేది ఒక సలాడ్, ఒకటో రెండో మెయిన్‌లు, ఆలుగడ్డ, పాలకూర, పుట్టగొడుగుల సైడ్‌లు. కవర్ ఛార్జి మాత్రం మాంసం తిన్నవాళ్లతో సమానం. చికెన్, మటన్ మాత్రమే తిని బీఫ్ ముట్టనివాళ్లకూ అంతే, స్టేక్ హౌస్ ధర ప్రధానంగా బీఫ్‌కే.

ఇటాలియన్ మనవాళ్లకు కాస్త నయం. అయితే మెయిన్ డైనింగ్ రూమ్‌లోనూ పాస్తా ఉంటుంది, వారంలో ఒక రాత్రి ఇటాలియన్ వంటలే ఎక్కువగా ఉండొచ్చు. తేడా ఎంతో రెండు మెనూలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

జపనీస్ హిబాచీ, టెప్పన్‌యాకీ పిల్లలకు భలే నచ్చుతుంది. వంటవాడు కళ్లముందే పెనం మీద గరిటెలు ఆడిస్తాడు. కానీ పెనం ఒక్కటే, చుట్టూ కూర్చున్న ఎనిమిదీ పదిమందివీ దాని మీదే. పక్కాయన బీఫ్ పక్కనే మీ టోఫూ. వేయించిన అన్నంలో గుడ్డు. బుకింగ్ రోజే అడిగితే కూరగాయలను లోపల వంటింట్లో విడిగా చేసి తేగలరేమో చెబుతారు. ఆచారం గట్టిగా పాటించేవాళ్లను మాత్రం ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టకండి. ఆ వాసన మధ్య వాళ్లు ఒక్క ముద్ద తినలేరు, మనకూ మనసుకు పట్టదు.

5. రాత్రుల పట్టిక గీయండి

ఏడు రాత్రులకు ఏడు గడులు. ప్రతి గడిలో వారం, ఆ రోజు ఓడ ఎక్కడుంటుంది, ఎన్నింటికి రేవు వదులుతుంది, మీరు చూడాలనుకునే షో ఎప్పుడు, ఈ నాలుగూ రాయండి. తర్వాత స్పెషాల్టీకి కుదరని రాత్రులను ఈ వరసలో కొట్టేస్తూ రండి.

ముందు ఫార్మల్ రాత్రులు, అంటే అందరూ ముస్తాబై భోజనానికి వచ్చేవి. వారం రోజుల ప్రయాణంలో సాధారణంగా రెండు ఉంటాయి. లోబ్‌స్టర్ లాంటి ఖరీదైన వంటకాలు మెయిన్ డైనింగ్ రూమ్‌లో పెట్టేది మామూలుగా వాటిలో రెండో రాత్రి. ఆ రాత్రి బయట డబ్బు కట్టడం నష్టం. పైగా అమ్మావాళ్లు పట్టుచీరలు కట్టుకుని మెట్ల దగ్గర ఫొటోలు దిగే రాత్రి అది. చీర, లెహంగా, కుర్తా, బంద్‌గలా, ఏవైనా నిరభ్యంతరంగా వేసుకోవచ్చు.

తర్వాత నీచు తినని వారాలు. ఆదివారం బయల్దేరే ఏడు రాత్రుల ఓడలో శనివారం ఆఖరి రాత్రి అవుతుంది. "ఆఖరి రోజు కదా, గొప్పగా తిందాం" అని ఆ రాత్రికే స్టేక్ హౌస్ బుక్ చేసి, ఓడలో గుర్తొచ్చి తల పట్టుకున్న కుటుంబాలున్నాయి. సముద్రంలో తిరుగుతుంటే వారాలు మరిచిపోతాం. ముందే రాసుకోండి.

తర్వాత ఓడ ఆలస్యంగా రేవు వదిలే రోజులు. మెక్సికోలోని కోజుమెల్ దీవిలో ఎండన పడి తిరిగొచ్చాక రెండు గంటలు కుదురుగా కూర్చునే ఓపిక పెద్దలకు ఉండదు.

ఓడ ఎక్కిన మొదటి రాత్రిని కూడా పెద్దవాళ్లున్న టేబుల్‌కి కొట్టేస్తాను. వెయిటర్‌తో పరిచయం కావాల్సిన రాత్రి అది. కడుపు తిప్పే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. కింది డెక్కుల్లో ఊపు తక్కువ తెలుస్తుంది, స్పెషాల్టీలు కొన్ని పైడెక్కుల్లో ఉంటాయి.

మిగిలిన గడుల్లో ఒకటో రెండో ఎంచుకోండి. నాకు బాగా కుదిరింది మూడో రాత్రి లేదా నాలుగో రాత్రి. అప్పటికి మెయిన్ డైనింగ్ రూమ్ ఎలా ఉందో తెలిసిపోతుంది. మామ్మ, తాతయ్య పిల్లల్ని పెట్టుకుని తమ అలవాటు టేబుల్ దగ్గర నిశ్చింతగా తింటారు, దంపతులిద్దరూ స్పెషాల్టీకి వెళ్లొచ్చు. అందరూ కలిసే వెళ్లాలన్న పట్టు వదిలేస్తే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

6. బుకింగ్

ఓడెక్కాక చెప్పే ధర కన్నా ముందుగా ఆన్‌లైన్‌లో ఉండే ధర సాధారణంగా తక్కువ. రాయల్ కరీబియన్‌లో అయితే వాళ్ల వెబ్‌సైటులోని క్రూజ్ ప్లానర్‌లో కొనాలి. ధరలు మారుతుంటాయి. మీరు కొన్నాక తగ్గితే, ప్రయాణానికి ముందే రద్దు చేసి తక్కువ ధరకు మళ్లీ కొనండి. వారానికోసారి చూస్తే చాలు.

ప్యాకేజీ కొనడం వేరు, టేబుల్ రిజర్వ్ చేయడం వేరు. కొన్ని ప్యాకేజీల్లో రోజు, వేళ ఓడెక్కాకే తేలతాయి. రసీదు మీద వేళ లేకపోతే ఇంకా టేబుల్ దొరకలేదని అర్థం.

షో టికెట్లు ముందు, భోజనం తర్వాత. షో ఏడింటికైతే స్పెషాల్టీ ఐదున్నరకైనా ఉండాలి, తొమ్మిదికైనా ఉండాలి. మధ్యలో పెట్టుకుంటే డిజర్ట్ వదిలేసి పరుగెత్తాలి.

ఆహార నియమాలను బుకింగ్‌లోనే నమోదు చేయించండి. గడువు కంపెనీని బట్టి ఉంటుంది. నేనైతే కనీసం నెలన్నర ముందు చేయిస్తాను. ఓడెక్కాక మళ్లీ నోటితో చెప్పాలి, రాసింది వంటింటి దాకా చేరిందని అనుకోవద్దు.

7. ఓడెక్కిన రోజు మొదటి రెండు గంటలు

అందరూ బఫేకి పరుగెత్తే సమయంలో ఒక్కరు ఈ పనులు ముగించుకురండి:

- క్రూజ్ కంపెనీ యాప్‌లో మీ బంతి వేళ, టేబుల్ నంబరు చూడండి. ఓడ వైఫైకి కలిపితే చాలు, ఇంటర్నెట్ ప్యాకేజీ లేకపోయినా యాప్ పనిచేస్తుంది.
- టేబుల్ నచ్చకపోయినా, రెండు కుటుంబాలకు వేర్వేరు టేబుళ్లు పడినా మెయిన్ డైనింగ్ రూమ్ దగ్గరికే వెళ్లి మార్పించుకోండి. ఆ మధ్యాహ్నం దీనికోసమే ఒకరు కూర్చుంటారు.
- హెడ్ వెయిటర్‌ను అడిగి కలవండి. టేబుల్ జాబితా కాగితం చూపించండి.
- స్పెషాల్టీ రిజర్వేషన్ వేళలు సరిచూడండి. మొదటి రోజుకు తగ్గింపులు ఇస్తుంటారు, అడిగి చూడండి.

ఒక హెచ్చరిక. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ సామానులో పెట్టకండి. వేడి పుట్టించే పరికరాలను చాలా కంపెనీలు నిషేధించాయి, తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో చేసిన పులిహోర, గోంగూర పచ్చడి డబ్బాలనూ చాలాచోట్ల ఒప్పుకోరు. కంపెనీ సీలుతో ఉన్న కందిపొడి, కరివేపాకు పొడి ప్యాకెట్లయితే ఇబ్బంది తక్కువ. అమ్మకు వేడి అన్నంలో కలుపుకోవడానికి అవి చాలు.

8. మెయిన్ డైనింగ్ రూమ్ నుంచి పూర్తి విలువ రాబట్టుకోవడం

చాలామంది మెనూలో ఉన్నదే గతి అనుకుంటారు. మొదటి రాత్రి ఉడికించిన కూరగాయలు తిని నిరాశపడి, రెండో రోజు పొద్దున్నే డైనింగ్ ప్యాకేజీ కొనేస్తారు. అంత తొందర వద్దు.

పెద్ద కంపెనీల ఓడల్లో భారతీయ సిబ్బంది ఎక్కువ, వంటింట్లోనూ ఉంటారు. ముందు రోజు రాత్రే చెబితే మరుసటి రాత్రికి పప్పు, కూర, అన్నం చేసి తెస్తారు. సాధారణంగా దీనికి విడిగా డబ్బు తీసుకోరు. కార్నివాల్‌లో అయితే భారతీయ శాకాహార మెనూయే ఉంది, అడిగితే ఇస్తారు.

అడిగే పద్ధతి ముఖ్యం. "ఇండియన్ ఫుడ్ ఏదైనా" అంటే మంచి వంటవాడికి కూడా ఏం చేయాలో తోచదు. పేరు పెట్టి అడగండి: "రేపు ముగ్గురికి పప్పు, బెండకాయ లేదా క్యాలీఫ్లవర్ వేపుడు, తెల్లన్నం, గట్టి పెరుగు, గుడ్డు లేకుండా." కారం ఎంతో కూడా చెప్పండి, లేకపోతే తీపిగా, క్రీముతో వస్తుంది. ఇంట్లో రుచి రాదు, ఉత్తరాది పద్ధతిలోనే ఎక్కువగా వస్తుంది. అయినా మూడో రోజున వేడి అన్నం, పప్పు కనబడగానే మా అత్తయ్యగారి మొహంలో వచ్చిన వెలుగు నాకు ఏ స్టేక్ హౌస్‌లోనూ కనబడలేదు.

స్థిర సమయం తీసుకోమని శాకాహార కుటుంబాలకు నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఒకే వెయిటర్ అయితే రెండో రాత్రికే అన్నీ గుర్తుంటాయి. మీరు కూర్చునేసరికి పెరుగు గిన్నె, పచ్చిమిర్చి టేబుల్ మీద ఉంటాయి. వీలైన వేళకు వెళ్లే పద్ధతిలో రోజూ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ పద్ధతే మీకు కుదిరితే, మొదటి రోజు నచ్చిన వెయిటర్ దగ్గరే రోజూ కూర్చోబెట్టమని ద్వారం దగ్గర అడగండి.

రాత్రి భోజనం చివర్లో రేపటి మెనూ ఉందా అని అడగండి. ప్రతి రాత్రి పాటించాల్సిన వరస ఇది: కూర్చోగానే పిల్లలకు చెప్పండి, తర్వాత పెద్దలకు, చివర మీకు. నచ్చని పళ్లెం వస్తే మొహమాటపడకుండా మార్చమనండి. లేచే ముందు రేపటి కోరిక చెప్పండి.

పొద్దుటి టిఫిను, సముద్రం మీద గడిచే రోజుల్లో మధ్యాహ్న భోజనం కూడా మెయిన్ డైనింగ్ రూమ్‌లో సాధారణంగా ఉంటాయి. బఫేలో కుర్చీ కోసం వెతుక్కునే పెద్దవాళ్లకు అది చాలా హాయి.

9. డబ్బు కట్టిన పూట

ఆ రోజు మధ్యాహ్నం తక్కువ తినండి. సాయంత్రం బఫే వైపు వెళ్లకండి. పది నిమిషాలు ముందే చేరండి, కిటికీ పక్కన ఖాళీ ఉంటే ఇస్తారు.

కూర్చోగానే రెండు అడగండి: "కవర్ ఛార్జిలో ఏమేం కలిశాయి? వేటికి పైన కట్టాలి?" స్టార్టర్లు, సైడ్‌లు టేబుల్ మధ్యలో పెట్టుకుని పంచుకోండి, మనకు అలవాటైన పద్ధతే. స్టేక్ ఎంత కాలాలో చెప్పడం రాకపోతే "వెల్ డన్" అనేయకండి, గట్టిపడుతుంది. "మీడియం వెల్" అనండి, గులాబీ రంగు కాస్తే ఉంటుంది.

బిల్లులో టిప్పు కలిసే ఉంటుంది. సంతకం పెట్టే చోట ఇంకో టిప్పు గడి కనిపిస్తే అది మీ ఇష్టం, ఖాళీగా వదిలేయవచ్చు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*మొదటి రాత్రి చప్పగా ఉందని ప్యాకేజీ కొనేయడం.* రెండు రాత్రులు ఆగండి. హెడ్ వెయిటర్‌తో ఒకసారి మాట్లాడండి. అప్పటికీ కుదరకపోతే ఒక్క పూటకు కొనండి.

*అందరికీ ఒకే ప్యాకేజీ.* పిల్లలకు చాలా కంపెనీల్లో తక్కువ ధర ఉంటుంది, బాగా చిన్నవాళ్లకు ఒక్కోచోట ఉచితం. వయసు హద్దు అడిగి తెలుసుకోండి. తినని తాతయ్యకు కొనకండి.

*రిజర్వేషన్ పెట్టుకుని వెళ్లకపోవడం.* ఒంట్లో బాగోకపోయినా, మనసు మారినా గడువులోపు రద్దు చేయాలి. చాలాచోట్ల 24 గంటల ముందు. మేమొకసారి పోర్టులో ఆలస్యమై ఊరుకున్నాం, తినని భోజనానికి ఛార్జి గది ఖాతాలో పడింది. అప్పటి నుంచి ఫోనులో రెండు రోజుల ముందుకు అలారం పెట్టుకుంటున్నాను.

*శాకాహారమని చెప్పాం కదా అని ధీమాగా ఉండడం.* పళ్లెం వచ్చాక "ఇందులో గుడ్డు, మాంసం రసం లేవు కదా" అని ప్రతిసారీ అడగండి. వెయిటర్ తడబడితే వంటింట్లో కనుక్కొని రమ్మనండి. వాళ్లు దాన్ని తప్పుగా తీసుకోరు.

*రద్దీ రాత్రి టేబుల్ దొరక్కపోవడం.* తొలి వేళ అయిన ఐదున్నరకు, లేదా తొమ్మిది తర్వాతకు అడగండి. ఇద్దరికైతే సాయంత్రం తలుపు దగ్గరికి వెళ్లి అడిగినా దొరుకుతుంది. సముద్రం మీద గడిచే రోజు మధ్యాహ్నం తెరిచే స్పెషాల్టీలు ఉంటే చూడండి. ధర తక్కువ, వంటవాళ్లు వాళ్లే.

*ఆఖరి రాత్రి వెయిటర్‌ను కలవకుండా వెళ్లిపోవడం.* వారమంతా మీ అమ్మకు పెరుగు తెచ్చిపెట్టిన మనిషి అతను. ఆ రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లోనే తినండి, ఇవ్వాలనిపించింది కవర్లో పెట్టి చేతికివ్వండి. ప్రయాణం తర్వాత వచ్చే సర్వేలో అతని పేరు, హెడ్ వెయిటర్ పేరు స్పెల్లింగు తప్పకుండా రాయండి. అందుకని లేచే ముందే బ్యాడ్జి చూసి పేర్లు ఫోనులో రాసుకోండి.